సీఈ (కామన్ ఎమిటర్) యాంప్లిఫయర్ ల్యాబ్: పిల్లలే తప్పు పట్టుకునేలా నేర్పడం ఎలా?

ప్రశ్న (ఎంటెక్_టీఏ):
టీఏ (టీచింగ్ అసిస్టెంట్) డ్యూటీ కింద బీటెక్ రెండో ఏడాది ఈసీఈ వాళ్ల ల్యాబ్ పడింది. ఒక్క ట్రాన్సిస్టర్‌తో సిగ్నల్‌ని పెద్దది చేసే సర్క్యూట్ కట్టాలి. 30 మంది, 15 బెంచీలు, 3 గంటలు. ట్రాన్సిస్టర్ బీసీ107, సప్లై 12 వోల్టులు. రెసిస్టర్లు: సప్లై నుంచి బేస్‌కి ఆర్1 33కె (కిలో ఓమ్‌లు), బేస్ నుంచి గ్రౌండుకి ఆర్2 8.2కె, కలెక్టర్ దగ్గర ఆర్‌సీ 2.2కె, ఎమిటర్ దగ్గర ఆర్ఈ 1కె. అవుట్‌పుట్ రాకపోతే మొత్తం పీకేసి మళ్లీ కడుతున్నారు, లేదంటే నన్ను పిలుస్తున్నారు. ఏం చేయాలి?

అనలాగ్_పిచ్చి:
ముందు మీరు వాళ్ల వైర్లు ముట్టుకోవడం మానేయండి.

ఫంక్షన్ జనరేటర్ (ఇన్‌పుట్ సిగ్నల్ ఇచ్చేది) తీసేయించి, డీసీ ఒక్కటే ఉంచి, గ్రౌండు నుంచి ట్రాన్సిస్టర్ మూడు కాళ్లు, బేస్, ఎమిటర్, కలెక్టర్ వోల్టేజీలు కొలిపించండి. ఎంత రావాలో ముందే కాగితం మీద వేసుకుని ఉండాలి: వరసగా సుమారు 2.4, 1.7, 8.2 వోల్టులు. ఆ లెక్క లేకపోతే మీటరు ఏం చూపించినా వాళ్లకి ఒకటే.

మూడూ సున్నా అయితే బ్రెడ్‌బోర్డు (సోల్డరింగ్ లేకుండా భాగాలు గుచ్చే బోర్డు) చూడమనండి. పొడుగు బోర్డుల్లో చాలావాటికి పవర్ లైను మధ్యలో తెగి ఉంటుంది, జంపర్ వేయాలి. కలెక్టర్ దగ్గర 12, బేస్ దగ్గర సున్నా ఉంటే ఆర్1 తగల్లేదు. కలెక్టర్, ఎమిటర్ రెండూ 4 దగ్గర అతుక్కుపోతే ట్రాన్సిస్టర్ శాచురేషన్‌లో (పూర్తిగా ఆన్ అయిపోయి) ఉంది, ఎక్కువసార్లు ఆర్2 గ్రౌండుకి చేరని కేసే. బీసీ547 అనే ఇంకో ట్రాన్సిస్టర్‌కి అలవాటుపడ్డ వాళ్లు కాళ్లు తారుమారు చేస్తారు. బీసీ107లో లోహపు డబ్బా అంచున పొడుచుకొచ్చిన చిన్న రేకు పక్కనున్నది ఎమిటర్.

డీసీ బాగుండి గెయిన్ (అవుట్‌పుట్ ఇన్‌పుట్‌కి ఎన్ని రెట్లో) 2 దగ్గరే ఆగితే ఆర్ఈకి సమాంతరంగా ఉండే ఎమిటర్ బైపాస్ కెపాసిటర్ ఊడింది. అది ఉంటే లోడ్ లేకుండా వంద దాటాలి.

ఎంటెక్_టీఏ:
థాంక్స్ అండీ. డీసీ సరిగ్గా వచ్చిన బెంచీల్లో కూడా సైన్ వేవ్ పైనా కిందా కోసేసినట్టు వస్తోంది. ఇంకోటి, రీడింగులు పక్క బెంచీవి ఎక్కించేస్తున్నారు.

అనలాగ్_పిచ్చి:
ఇన్‌పుట్ ఎక్కువైంది. పీక్ టు పీక్ 20 మిల్లీవోల్టులు చాలు. జనరేటర్ అంత తగ్గకపోతే 10కె, 100 ఓమ్‌లతో డివైడర్ కట్టించండి, 2 వోల్టులు 20 మిల్లీవోల్టులవుతాయి.

బెంచ్_నంబర్_7:
కాపీకి మందు: బెంచీల మధ్య ఆర్‌సీ మార్చండి, 1.5కె, 1.8కె, 2.2కె, 2.7కె. కలెక్టర్ వోల్టేజీ చూస్తేనే దొరికిపోతారు. చివరి 20 నిమిషాలు మీరే ఒక తప్పు పెట్టి వెతకమనండి, దానికీ మార్కులివ్వండి. ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్‌ని మాత్రం తిరగేసి పెట్టకండి, పేలొచ్చు.

సర్క్యూట్_అక్క:
పిలిస్తే రెండే ప్రశ్నలు, తెలుగులోనే అడుగు తమ్ముడూ: "ఎక్కడ కొలిచావ్? అక్కడ ఎంత రావాలి?" ఇంగ్లీషులో అడిగితే కొందరు తెలిసినా నోరు విప్పరు. జవాబు లేకపోతే కొలిచి పిలవమని పక్క బెంచీకి వెళ్లు, కానీ 5 నిమిషాల్లో తప్పకుండా వెనక్కి రా.