‘వీడు’ అంటే ఎవడు? తిరిగేవాళ్ల ఊరికి ఒక మాట కావాలి

కొత్తపటం (బెంగళూరు):
పెద్దలకు నమస్కారం. ఒక మాట గురించి సలహా కావాలి. కొంచెం ఉపోద్ఘాతం తప్పదు, ఓర్చుకోండి.

నాలుగేళ్లుగా ఒక కల్పిత లోకానికి చరిత్ర రాస్తున్నాను. కథ ఇంకా మొదలే కాలేదు, చరిత్రతోనే రెండు నోటుపుస్తకాలు నిండాయి. ఆ లోకంలో ఒక సముద్రం ఉండేది. మూడు తరాల్లో అది ఎండిపోయి ఉప్పుబయలు మిగిలింది. దాని మీద బతికినవాళ్లు ఓడల కింద చక్రాలు బిగించి, ఎద్దులను కట్టి, అప్పటినుంచి తిరుగుతూనే ఉన్నారు. ఇప్పుడు వాళ్లలో సముద్రాన్ని చూసినవారు ఒక్కరూ లేరు. అయినా బండిని ఓడ అనే అంటారు. బండి తోలేవాడు సరంగు. ఎద్దులను కట్టే గుంజ లంగరు. తెల్లవారుజామున బయలుదేరేటప్పుడు ‘తెరచాప ఎత్తండి’ అని కేక వేస్తారు. ఎత్తడానికి తెరచాప ఉండదు, కాడి మాత్రమే ఉంటుంది.

చిక్కు ఇక్కడ వచ్చింది. సాయంత్రం బండ్లు విప్పి ఆగే చోటును వాళ్లు ఏమనాలి? గుడారం, డేరా, మకాం, మజిలీ అన్నీ రాసి కొట్టేశాను. పాత నిఘంటువులో ‘వీడు’ అనే మాట కనబడింది, పట్టణం అని అర్థం ఇచ్చారు. పొట్టిగా, పాతగా ఉంది కదా అని సంబరపడి ‘చీకటి పడేసరికి వీడు చేరారు’ అని రాశాను. చదివిన స్నేహితుడు ‘చేరాడు అనాలి. ఇంతకూ వీడెవడు?’ అన్నాడు.

ఈ మాట వాడవచ్చా, వదిలేయాలా?

నిఘంటువు పురుగు:
మీ స్నేహితుడి తప్పేమీ లేదు. ‘వీడు చేరారు’ అని చూస్తే నేనూ అచ్చుతప్పే అనుకుంటాను.

విభక్తి చేరితే మాత్రం ఈ ఇద్దరూ విడిపోతారు. మనిషి అయితే వీడి, వీడికి, వీడితో. ఊరు అయితే వీటి, వీటికి, వీటిలో. నాడు నాటి అయినట్టు, గూడు గూటి అయినట్టు. కాబట్టి ‘వీటికి చేరారు’ అని రాస్తే మనిషి తప్పుకుంటాడు. అప్పుడు మీ స్నేహితుడు ‘వేటికి?’ అని అడుగుతాడు, అది నా బాధ్యత కాదు.

శుద్ధ తెలుగు:
నాకు ‘వీడు’తో పేచీ లేదు, ‘లంగరు’తో ఉంది. లంగరు పారసీకం. సరంగు కూడా అక్కడిదే. మీ లోకంలో పారసీకులు ఉన్నారా? లేకపోతే ఆ మాటలు ఉప్పుబయలు దాకా ఎలా నడిచాయి?

కొత్తపటం:
దొరికిపోయాను. లేరు.

మల్లేశ్వరం మాష్టారు:
ఆ లెక్కన ‘చుక్కాని’ కూడా తీసేయాలి, దాని పుట్టిల్లు అరబ్బీ. తీసేస్తే తెడ్డు, తెప్ప, తెరచాప మిగులుతాయి. తెరచాపను ఒకసారి విడదీసి చూడండి, తెర, చాప. గాలికి అడ్డంగా చాపను కట్టిన కాలం ఆ మాటలో ఇంకా ఉంది.

శుద్ధ తెలుగు గారూ, మీ అభ్యంతరం సరైనదే, కానీ మందు తీసేయడం కాదు. మన రేవుల్లో ఎవరి ఓడలు ఆగాయో, మన కళాసీలు ఎవరి దగ్గర పని నేర్చుకున్నారో ఆ అరువు మాటలు చెబుతున్నాయి. బాబూ కొత్తపటం, నీ ఓడలవాళ్లకు ఓడ నడపడం నేర్పింది ఎవరు? నోటుపుస్తకంలో రాసుకున్నావా?

కొత్తపటం:
లేదు మాష్టారూ. వాళ్లు ఆదినుంచీ సముద్రం మీదే ఉన్నారని ఒక్క వాక్యంతో దాటేశాను.

మల్లేశ్వరం మాష్టారు:
‘ఆదినుంచీ’ అన్న చోట చరిత్రకారుడు నిద్రపోయాడని అర్థం.

ఇక అసలు మాటకు వస్తాను. ఈ ‘వీడు’కు తోబుట్టువులు చాలామంది. విడుచు, విడుదల, విడిది, వీడ్కోలు, అందరూ ‘విడు’ బిడ్డలే. బరో, ఎమెనో కూర్చిన ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువు (మొదటి కూర్పు 1961, రెండవది 1984) తమిళ ‘వీడు’నూ, కన్నడ ‘బీడు’, ‘బిడార’లనూ వీళ్ల పక్కనే కూర్చోబెట్టింది. మాట మొదట్లో మనకు ఉన్న వకారం కన్నడంలో బకారం అవుతుందని బెంగళూరులో కూరగాయలు కొనేవారికి చెప్పనక్కరలేదు. వెల్లుల్లి అక్కడ బెళ్ళుళ్ళి. వేసవి బేసిగె, వేరు బేరు, విల్లు బిల్లు. అలాగే వీడు బీడు అయింది, అర్థం ‘దండు దిగిన చోటు, నివాసం’. బిడార అన్నా తాత్కాలికంగా దిగిన చోటే.

విడవడం అంటే వదిలిపోవడం కదా, ఆగే చోటు ఎలా అయింది అని అడుగుతారు. దానికి బండి తోలినవాళ్లు జవాబు చెప్పాలి.

హోసూరు బండి:
మాష్టారు నన్నే పిలిచినట్టున్నారు. మా తాతగారు చింతపండు బండ్లు బెంగళూరుకు తోలేవారు. ప్రయాణం గురించి ఆయన చెప్పేటప్పుడు ‘ఎక్కడ ఆగాం’ అనేవారు కాదు, ‘ఎద్దులను ఎక్కడ విడిచాం’ అనేవారు. కాడి మెడ మీదనుంచి దించిన క్షణంలోనే ఆ చోటు చోటవుతుంది. అంతవరకూ అది దారే. నీళ్లు ఉండాలి, నాలుగు చెట్లు ఉండాలి, పక్కన ఇంకో రెండు బండ్లు ఉంటే ఇంకా మంచిది. వంట, పడక అన్నీ ఆ తరువాత.

కాబట్టి విడిచేది ఊరిని కాదు, కాడిని.

అడయారు అక్క (చెన్నై):
ఇక్కడ వీధికి నాలుగు బోర్డులు, ‘వీడు వాడగైక్కు’ అని. కొత్తగా చెన్నై వచ్చిన మా చెల్లెలి కొడుకు తమిళ అక్షరాలు కూడబలుక్కుని ‘పెద్దమ్మా, వీడిని అద్దెకిస్తారట’ అన్నాడు. తమిళంలో వీడు అంటే ఇల్లు కదా. అదే మాటకు మోక్షం అని కూడా అర్థం ఉంది. ధర్మార్థకామమోక్షాలను అఱం, పొరుళ్, ఇన్బం, వీడు అంటారు. ఇంటికి, మోక్షానికి ఒకే మాట ఏమిటని మొదట్లో ఆశ్చర్యపోయేదాన్ని. హోసూరు తమ్ముడు చెప్పిన కాడి సంగతి విన్నాక ఆశ్చర్యం పోయింది. బరువు దించితే ఇల్లు, మొత్తం దించితే అది.

నిఘంటువు పురుగు:
తెలుగులో ఆ పాత వాసన మిగిలింది పెళ్లివారి విడిదిలో. పట్టుమని రెండు రోజుల కాపురం, కాఫీ చల్లారిందని అలక, ఆపైన వీడ్కోలు. విడిది, వీడ్కోలు ఒకే తల్లి బిడ్డలని పెళ్లివారికి ఎవరూ చెప్పరు.

‘మజిలీ’ని కొట్టేశారని బాధగా ఉంది. అరబ్బీ ‘మంజిల్’ నుంచి వచ్చిన మాట అది, దాని ధాతువుకు దిగడం అని అర్థం. అక్కడ ఒంటె దిగారు, ఇక్కడ ఎద్దుల కాడి దించారు. తిరిగేవాళ్ల ఆలోచన ఎక్కడైనా ఒకలాగే నడిచినట్టుంది.

చింతచిగురు:
కొత్తపటం గారూ, మీరు కల్పిస్తున్నదానికి నిజమైన అక్క ఒకరు ఉన్నారు, ఐరోపాలో జిప్సీలని పేరుపడ్డ రోమా ప్రజలు. వాళ్ల చరిత్రను ఎవరూ గ్రంథస్థం చేసి పెట్టలేదు, భాషలోనే దొరికింది. అంకెలు చూడండి: యెఖ్, దుయ్, త్రిన్, ష్టార్, పంజ్, షోవ్. ఆరు దాకా మనకు తెలిసిన ముఖాలే. ఏడు నుంచి తొమ్మిది వరకు ఎఫ్తా, ఒఖ్తో, ఎన్యా, ఇవి గ్రీకు. పదికి వచ్చేసరికి మళ్లీ ‘దెష్’. దారికి వాళ్ల మాట ‘ద్రోమ్’, అదీ గ్రీకు నుంచే. అంటే గ్రీకు మాట్లాడే నేల మీద చాలాకాలం ఉన్నారని తెలుస్తోంది. వాళ్ల భాష భారతీయ భాషల కుటుంబానిదని జర్మన్ పండితుడు యోహాన్ రూడిగర్ 1782లో రాశాడు. అంతకుముందు నడిచింది కల్పిత చరిత్రే. 15వ శతాబ్దంలో పశ్చిమ ఐరోపాకు వచ్చిన గుంపులు తాము ‘చిన్న ఈజిప్టు’ నుంచి వచ్చిన యాత్రికులమని చెప్పుకొన్నాయి. జిప్సీ అనే మాట ఆ ఈజిప్టు నుంచే పుట్టింది.

కాబట్టి మీ ఓడలవాళ్లకు ఆరు దాకా ఒక భాషలో, ఏడు నుంచి మరో భాషలో అంకెలు పెట్టండి. కారణం రాయకండి.

శుద్ధ తెలుగు:
ఇది బాగుంది. నేను కాపీ కొట్టవచ్చా?

చింతచిగురు:
రోమా వాళ్లను అడగండి.

అడయారు అక్క:
ఒక మాట, కోప్పడకు బాబూ. నీ పుస్తకంలో ఊళ్లవాళ్లు వీళ్లను ఏమని పిలుస్తారు? ‘దేశదిమ్మరులు’ అని పెట్టి ఉంటే జాగ్రత్త. నిజానికి మంచి మాట. త్రిమ్మరు అంటే తిరుగు, దేశాలు తిరిగేవాడు దేశద్రిమ్మరి, అంతే. కానీ మన ఇళ్లలో దాన్ని తిట్టుగానే వాడారు. తిరిగే కులాల పేర్లు ఎన్నో అలాగే తిట్లయ్యాయి. 1871లో బ్రిటిష్ వాళ్లు తెచ్చిన నేరస్థ జాతుల చట్టం కొన్ని జాతులను పుట్టుకతోనే నేరస్థులుగా లెక్కగట్టింది, 1952లో రద్దయ్యే దాకా ఆ ముద్ర చట్టబద్ధంగా నడిచింది. ఊరివాడు రాసిన చరిత్రలో తిరిగేవాడు ఎప్పుడూ దొంగే.

కొత్తపటం:
మొదటి నోటుపుస్తకంలో వాళ్లు కోళ్లు ఎత్తుకుపోతారు అక్కా. ఆ పేజీ ఇప్పుడే చింపాను.

అడయారు అక్క:
చింపవద్దు. ఊరివాడి చేత రాయించు. వాడి పేరు కింద పెట్టు.

హోసూరు బండి:
మన భాషలోనే తిరిగేవాళ్లు ఉన్నారని కూడా గుర్తుంచుకోండి. చెరువులు తవ్వి, రాళ్లు కొట్టి బతికిన వడ్డెరవాళ్లు ఇటు కర్ణాటకలోనూ అటు తమిళనాడులోనూ ఉన్నారు. ఇళ్లలో తెలుగు యాసలు నిలుపుకున్న కుటుంబాలు ఇప్పటికీ చాలా ఉన్నాయి. మనం బడిలో నేర్చుకున్న తెలుగును నగరంలో పోగొట్టుకుంటుంటే వాళ్లు బడి లేకుండానే దాన్ని మోసుకుని తిరిగారు.

నిఘంటువు పురుగు:
దండు దిగిన చోటు ఊరు కావడం మీ కథకు పనికొస్తుంది. పాళెం అంటే మొదట సైన్యం దిగిన చోటే. ఇప్పుడు ఎన్ని ఊళ్ల పేర్ల చివర అదే ఉందో లెక్కలేదు. బెంగళూరులో గురప్పనపాళ్య, మారప్పనపాళ్య, అవీ ఆ కోవవే. కంటోన్మెంటును కన్నడంలో ‘దండు’ అనే అంటారు. దండు వెళ్లిపోయినా పేరు అక్కడే విడిది చేసింది. వీడుకు పట్టణం అనే అర్థం కూడా అలాగే వచ్చి ఉండాలి, ఇది నా ఊహ.

కొత్తపటం:
అయితే ఒక సంగతి తట్టింది. నా లోకంలో ఊరివాళ్లు, ఓడలవాళ్లు ఒకప్పుడు ఒకే జనం. సముద్రం ఎండినప్పుడు కొందరు ఒడ్డున ఆగారు, కొందరు నడిచారు. ఇద్దరిదీ ‘వీడు’ అనే ఒకే మాట. ఊరివాళ్లకు అది ఉండే చోటు, ఓడలవాళ్లకు విడిచే చోటు. ఇది పనిచేస్తుందా మాష్టారూ?

మల్లేశ్వరం మాష్టారు:
పనిచేస్తుంది. ఇంకొంచెం ముందుకు తోసి చూడు. పాత తెలుగులో ‘విడియు’ అనే క్రియ ఉంది, దిగడం, బస చేయడం అని అర్థం. తడియు తడిసె అయినట్టు విడియు విడిసె అవుతుంది. ‘దండు విడిసె’ అంటే సేన దిగిందని. ‘దండు విడిచె’ అంటే వదిలిందని. ఇద్దరి మధ్య ఒక్క అక్షరం, సకారమో చకారమో.

నిఘంటువు పురుగు:
పైగా మన నోట్లో ఆ రెండూ స్థిరంగా ఉండవు. చూచి చూసి అయింది, కాచి కాసి అయింది. విడిచి అనేదాన్ని విడిసి అనేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. కాబట్టి లేఖకుడు తప్పు రాశాడో, ఒప్పు విన్నాడో తేల్చడం ఎవరి వల్లా కాదు.

కొత్తపటం:
రాత్రి నిద్రపోలేదు. ఉప్పుబయలు అంచున ఒకే ఒక మంచినీటి గుండం ఉంది. దాని పక్కన ఊరివాళ్ల దగ్గర ఒక పాత రాగిరేకు ఉంది. అందులో ‘ఓడలవారు ఈ నేలను విడిచిరి’ అని ఉందని వాళ్లు చదువుతారు. వదిలేసి పోయారు కాబట్టి నేల మాది అంటారు. ఓడలవాళ్లకు చదువు రాదు, కానీ తరతరాలుగా పాటలో ‘ఈ నేల విడిసిరి’ అని పాడతారు. ముందు దిగింది మేమే అంటారు. మూడు వందల ఏళ్ల తగాదా ఇదే. చరిత్ర రెండు నోటుపుస్తకాలు వృథా, కథ ఇక్కడ మొదలవుతోంది.

హోసూరు బండి:
వ్యాకరణం పట్టుకుంటే ఓడలవాళ్లు ఓడిపోతారు తమ్ముడూ. విడియు అయితే ‘ఈ నేలను’ అనకూడదు, ‘ఈ నేలపై’ అనాలి.

మల్లేశ్వరం మాష్టారు:
శభాష్. ఆ ‘ను’ను తీసేయి. రేకు మీద ‘ఈ నేల’ అని మాత్రమే ఉంచు. పాత తెలుగులో అది ఎటైనా ఒదుగుతుంది.

కొత్తపటం:
తీసేశాను.

శుద్ధ తెలుగు:
ఇంతకూ రేకు మీద ఉన్నది సకారమా, చకారమా? పాఠకుడికి చివరికైనా చెబుతారా?

కొత్తపటం:
చెప్పను. సరిగ్గా ఆ అక్షరం మీదే చిలుము పట్టింది.