పార్కర్ 51 మళ్ళీ వచ్చిందంటున్నారు, వచ్చింది అదేనా?

బొబ్బిలి_మాస్టారు:
1972లో ఆపేసిన పార్కర్ 51 పెన్నుని 2021లో మళ్ళీ దించారు కదా. కొన్నాను, నెల రోజులు రాశాను, ఇప్పుడు చెప్తున్నాను. ఇది 51 కాదు. మూతకి మర పెట్టారు! పాతదానికి మర లేదు, లోపల క్లచ్ ఉంటుంది, తోస్తే మెత్తగా వెళ్ళి పట్టుకుంటుంది, లాగితే వచ్చేస్తుంది. ఒక చేత్తో హాజరు పట్టీ పట్టుకుని రెండో చేత్తో మూత తీసి రాసిన పెన్ను అది. ఇప్పుడు రెండు చేతులూ ఖాళీ చేసుకుని తిప్పుతూ కూర్చోవాలి. పేరు పెట్టుకుంటే పెన్ను అయిపోతుందా?

రాజాం_సైకిల్:
మర గురించి ఇంత గొడవా మాస్టారూ 😀

నాగావళి_ఒడ్డు:
నేను అదే వాడుతున్నాను, రెండేళ్ళు దాటింది. రోజూ ఆమదాలవలస నుంచి బండి మీద వెళ్ళొస్తాను, ఆ గోతుల్లో చొక్కా జేబులోంచి మూత ఒక్కసారి ఊడలేదు, చొక్కా మీద ఒక్క చుక్క పడలేదు. మర ఉన్నందుకే. మూడు రోజులు ముట్టుకోకపోయినా తీయగానే రాస్తుంది. రాసే పెన్నుకి ఇంకేం కావాలి?

బొబ్బిలి_మాస్టారు:
పాతదాని క్లచ్ ముప్ఫై ఏళ్ళు ఊడలేదు బాబూ. బొబ్బిలి నుంచి సాలూరు దాకా బస్సులో నిలబడి వెళ్ళినా ఊడలేదు.

పాళీల_పెట్టె:
ఇద్దరూ మూత దగ్గరే ఆగిపోయారు. పార్కర్ 1888లో పెట్టిన కంపెనీ, 1939లో దానికి 51 ఏళ్ళు నిండితే ఆ లెక్కనే ఈ పెన్నుకి 51 అని పేరు, బజారులోకి వచ్చింది 1941లో. అప్పట్లో చప్పున ఆరే ఇంకు ఒకటి చేశారు, అది మామూలు పెన్నుల ఒంటిని తినేసేది, దాన్ని తట్టుకోవడానికే లూసైట్ అనే గట్టి ప్లాస్టిక్ ఒళ్ళు. పాళీ కూడా గాలికి ఆరిపోకుండా ముసుగు కింద దాచారు. 1948లో నొక్కి నింపే ఏరోమెట్రిక్ వచ్చింది, అందులో ఉండే మెత్తటి గొట్టాలు ఇప్పటికీ చెక్కుచెదరనివి నా దగ్గరే మూడున్నాయి. కొత్తదానికి ముసుగు మిగిలింది అంతే. నింపడానికి కార్ట్రిడ్జో (ఇంకు నింపి అమ్మే గొట్టం) కన్వర్టరో (సీసాలోంచి ఇంకు పీల్చే గొట్టం), మామూలు రకానికి స్టీలు పాళీ, బంగారం కావాలంటే 18 క్యారెట్లది వేరే రేటు. పాతదానికి బంగారం పాళీ మామూలుగానే వచ్చేది. కంపెనీ కూడా చేతులు మారింది, 1993లో జిల్లెట్, 2000లో న్యూవెల్. అమెరికాలో జేన్స్‌విల్‌లో పుట్టిన పెన్ను ఇప్పుడు ఫ్రాన్స్‌లో తయారవుతోంది. నన్నడిగితే మర కంటే ఆ స్టీలు పాళీయే పెద్ద లోపం.

బొబ్బిలి_మాస్టారు:
అవన్నీ సరే, పాళీ మార్చుకోవచ్చు. మర తీయగలమా?

పాళీల_పెట్టె:
తోసే మూతే కావాలంటే చైనావాడి వింగ్ సంగ్ 601 చూడండి. ఆకారం పాత 51ది, మూత తోసేదే, నింపడం కూడా మొదటి 51లకి ఉన్న వాక్యూమాటిక్ పద్ధతిలా, వెనక ప్లంజర్ నొక్కి. చవక కూడా. నకలు కొట్టినవాడు అసలుకి దగ్గరగా వచ్చాడు, వారసుడు దూరం పోయాడు, అదీ వింత.

బొబ్బిలి_మాస్టారు:
నకలు నాకెందుకండీ.

తగరపువలస_తాత:
మన రాజమండ్రి రత్నం పెన్నులకి 1932 నుంచీ మర మూతే. వాటిని ఎవరూ ఏమీ అనలేదే?

బొబ్బిలి_మాస్టారు:
రత్నంవారు తమది 51 అని చెప్పి అమ్మలేదు. పైగా వాళ్ళు మధ్యలో చచ్చి మళ్ళీ పుట్టలేదు.

పాళీల_పెట్టె:
మళ్ళీ పుట్టడం తప్పు కాదండీ, ఎలా పుట్టారన్నది చూడాలి. ఎస్టర్‌బ్రుక్ అనే పాత అమెరికా పెన్నుల కంపెనీ ఉంది. పాత రోజుల్లో దాని పాళీలు మరతో ఊడదీసి మార్చుకునేవి. ఇప్పటి ఎస్టీ మోడల్‌కి ఒక అడాప్టర్ అమ్ముతున్నారు, అది పెడితే ఆ పాత పాళీలే బిగుస్తాయి. అలా పాతవాడిని పలకరించి వచ్చినవాడిని నేను ఒప్పుకుంటాను. షీఫర్ అని ఇంకో పాత పెన్నుల కంపెనీని బెంగళూరు విలియం పెన్ వాళ్ళు కొన్నారు, వాళ్ళేం చేస్తారో చూడాలి.

నాగావళి_ఒడ్డు:
నాకు అర్థం కానిది ఒక్కటే. పెన్ను బాగా రాస్తోంది, చేతికి బాగుంది, మరి నకిలీ అని ఎందుకు అంటున్నారు?

బొబ్బిలి_మాస్టారు:
అసలుది ఎప్పుడైనా చేత్తో పట్టుకున్నావా బాబూ? పట్టుకోనివాడికి చెప్పినా తెలీదు. మా నాన్నగారి మేనమామ బర్మాలోని రంగం నుంచి 1964లో తిరిగొస్తూ తెచ్చిన పెన్ను అది. మా నాన్నగారు తాలూకాఫీసులో గుమాస్తా, ఎన్ని దస్త్రాలు రాశారో లెక్కలేదు. ఆ ఇంట్లో పుట్టి దాంతో రాసినవాళ్ళకి తేడా తెలుస్తుంది. బజార్లో పేరు చూసి కొన్నవాళ్ళకి తెలియదు.

రాజాం_సైకిల్:
అయ్యో

నాగావళి_ఒడ్డు:
ఇప్పుడు బయటపడింది మాస్టారూ. మర కాదు మీ బాధ. మా ముత్తాత కూడా రంగం వెళ్ళాడు. బియ్యం మిల్లులో బస్తాలు మోశాడు, 1942లో బాంబులు పడుతుంటే అందరితో పాటు కాలినడకన వచ్చాడు, భుజం మీద తువ్వాలు తప్ప ఏమీ తేలేదు. చచ్చేదాకా వేలిముద్రే. మా తాత వేలిముద్రే. మా నాన్న సంతకం వరకు నేర్చుకున్నాడు. సచివాలయంలో నాకు ప్రొబేషన్ డిక్లేర్ అయి కొత్త జీతం పడ్డ నెలలో ఈ పెన్ను కొన్నాను, మా ఇంట్లో మొదటి పార్కర్ ఇదే. అసలైనది తాతల నుంచి రావాలి అంటే మాలాంటివాళ్ళం ఏ అసలైనది ఎక్కడ కొనాలి? కొత్తది తయారవ్వబట్టే కదా నాకు దక్కింది.

తగరపువలస_తాత:
కుర్రాడు బాగా అడిగాడు.

పాళీల_పెట్టె:
పాతవి వేలంలో దొరుకుతాయి బాబూ, మరీ ఖరీదు కూడా కాదు... సరే, అడిగింది అది కాదులే.

రాజాం_సైకిల్:
మాస్టారు మాట్లాడ్డం లేదేటి

బొబ్బిలి_మాస్టారు:
నిన్న రాత్రి నుంచి నాలుగుసార్లు రాసి చెరిపేశాను. "పట్టుకోనివాడికి" అన్న మాట నేను అనకూడదు, తప్పు. సంగతి చెప్తాను. నా దగ్గరున్నది ఇప్పుడు పని చెయ్యదు. శుభ్రం చేయించడానికి పట్నంలో ఒకతనికి ఇస్తే మూత లోపలి క్లచ్ రేకులు వంచేశాడు. అడిగితే పాతదండీ ఇలాగే ఉంటుంది అన్నాడు. అప్పటి నుంచి మూత నిలవదు, జారిపోతుంది. దారం చుట్టి బీరువాలో పెట్టాను. కొత్త 51 వస్తోందని తెలిసినప్పుడు, పాళీ ఏదైనా కానీ, ఆ మూత తోసినప్పుడు చిన్నగా పట్టుకుంటుందే, అది మళ్ళీ వినొచ్చనుకున్నాను. మా నాన్నగారు దస్త్రం ముగించి మూత తోస్తే ఇక మేము మాట్లాడొచ్చు అన్నమాట. పెట్టె విప్పితే మర. నీ పెన్నుని తిట్టలేదు బాబూ. అయినా మర మాత్రం తప్పే.

నాగావళి_ఒడ్డు:
మర నాకు కావాలి మాస్టారూ, ఆ విషయంలో నేను తగ్గను. కానీ ఆ దారం తీసి మూత లోపలి ఫొటో పెట్టండి, పాళీల_పెట్టె గారు చూస్తారు.

పాళీల_పెట్టె:
క్లచ్ రేకులు విరక్కపోతే మెల్లగా లోపలికి వంచొచ్చు. ప్లయర్‌తో మాత్రం ముట్టుకోకండి. ముందు ఫొటో.

రాజాం_సైకిల్:
ఇంతకీ విజయనగరంలో నీలం క్వింక్ ఇంకు ఎక్కడా లేదు, నలుపే ఉందంటున్నారు. ఎవరి దగ్గరైనా ఉందా?

బొబ్బిలి_మాస్టారు:
నా దగ్గర సగం సీసా ఉంది, వచ్చి పట్టుకెళ్ళు. దాని మూతకి కూడా మరే.