చదరంగంలో బంటు ఆధిక్యం ఉండగా డ్రా ప్రతిపాదించడం సమంజసమేనా?

కోటగుమ్మం: ఒక చదరంగం పోటీ చివరి రౌండులో 2100 రేటింగ్ (ఆట స్థాయిని చూపే అంకె) ఉన్న ఆటగాడు తెల్లపావులతో 1900 రేటింగ్ ప్రత్యర్థిపై ఒక బంటు ఆధిక్యంలో ఉండి కూడా డ్రా ప్రతిపాదించాడు. తెల్ల రాజు డీ5లో (డీ నిలువు వరుసలో అయిదో గడి), బంటు ఈ5లో, రూక్ (ఏనుగు) హెచ్7లో ఉన్నాయి. నల్ల రాజు ఈ8లో, రూక్ ఏ1లో ఉన్నాయి. నల్లవైపు గడియారంలో నాలుగు నిమిషాలైనా లేవు. అతను తొందరపడి రూక్‌తో డీ1లో చెక్ (రాజుపై దాడి) ఇస్తే తెల్ల రాజు ఈ6కు చేరి, హెచ్8లో రూక్‌తో మేట్ (ఆటకట్టు) చేస్తానని బెదిరించేది. ఆ పరీక్షైనా పెట్టకుండా చేయి కలపడం నాకు మింగుడు పడడం లేదు.

ఆరోవరుస: ఇది ఫిలిడోర్ రక్షణ అండీ, రూక్, బంటు ఉన్నవారిపై ఒక్క రూక్‌తో డ్రా సాధించే పద్ధతి. రూక్‌తో ఆరో వరుసను కాపాడి, బంటు ఈ6కు వచ్చాక మొదటి వరుసకు దిగి వెనకనుంచి చెక్‌లు ఇవ్వాలని 1900 స్థాయి ఆటగాడికి తెలిసే ఉంటుంది. ఎత్తుకు 30 సెకన్లు కలుస్తున్నప్పుడు ఆ సమయం చాలు.

కోటగుమ్మం: రూక్ ఏ1లో ఉందని రాశాను. ఆరో వరుసలో లేదు.

ఆరోవరుస: ఎత్తు నల్లవారిది, కాబట్టి ఒక్క ఎత్తులో ఏ6కు వస్తుంది. మీరు చెప్పిన చెక్ ఇచ్చినా, రాజును ఎఫ్8కు జరిపి సరిగ్గా ఆడితే అదీ డ్రాయే.

లెక్కలు: 200 రేటింగ్ తేడాకు పెద్ద ఆటగాడినుంచి ఆశించే ఫలితం 0.76 (గెలుపుకు 1, డ్రాకు 0.5). కే విలువ (ఒక ఆటతో రేటింగ్ ఎంత మారాలో నిర్ణయించే గుణకం) 20 అయితే ఈ డ్రాతో అతను 5.2 రేటింగ్ పాయింట్లు పోగొట్టుకున్నాడు.

అరపాయింటు: రేటింగు పోయినా మొదటి స్థానం దక్కింది కదా, అతనికి కావలసింది డ్రాతో వచ్చే ఆ అర పాయింటే! ఒక పోటీలో నేను చివరి ఆటను అయిదు గంటలు పోరాడి గెలిచాను. నాకంటే ముందున్న ఇద్దరూ పదిహేను ఎత్తులైనా ఆడకుండా డ్రా చేసుకుని నన్ను వెనక్కి నెట్టారు.

ఆరోవరుస: ఎప్పటిదో కడుపుమంటను ఈ ఆట మీద చూపించకండి. ఇక్కడ ఇద్దరూ ఎండ్‌గేమ్ (కొద్ది పావులే మిగిలే చివరి దశ) దాకా పోరాడారు.

కోటగుమ్మం: ఆయన బాధను అలా కొట్టిపారేయడం తగదు. నిజానికి నా అభ్యంతరం కూడా రూక్ ఎక్కడుందన్నది కాదు. ఒక బల్లమీది ఫలితం మిగతా వాళ్ళ స్థానాలను మార్చేటప్పుడు, గెలిచే అవకాశం ఏ కొంచెమున్నా ప్రయత్నించే బాధ్యత ఆటగాడికి ఉందంటాను.

ఆరోవరుస: అక్కడే మనకు కుదరదు. 2018 ప్రపంచ చాంపియన్‌షిప్ పన్నెండో ఆటలో కార్ల్‌సన్ మెరుగైన స్థితిలో ఉండి కూడా 31వ ఎత్తులో డ్రా ప్రతిపాదించాడు. తర్వాత విజేతను తేల్చే ర్యాపిడ్ (తక్కువ సమయపు) ఆటల్లో 3-0తో గెలిచాడు. ఆట ఆడేవాడిది, ప్రమాదాన్ని తూచుకోవలసిందీ అతనే.

అరపాయింటు: అలాగైతే 2005లో సోఫియా పోటీలో చేసినట్టు, పరస్పర అంగీకారంతో డ్రా చేసుకోకూడదని నిర్వాహకులు ముందే ప్రకటించాలి. ఫిడే (అంతర్జాతీయ చదరంగ సమాఖ్య) నియమాలు అందుకు వీలిస్తున్నాయి.

ఆరోవరుస: ప్రకటిస్తే పాటిస్తారు. ఈ పోటీలో ప్రకటించలేదు కాబట్టి అతన్ని తప్పుపట్టడానికి నేను ఒప్పుకోను.