నీడకు ఇంగ్లీషులో ఏ మాట: షేడా, షాడోనా, రిఫ్లెక్షనా?

ప్రశ్న (ఏడో తరగతి టీచర్):
బావిలో తన నీడను చూసి మరో సింహమనుకుని దూకిన సింహం కథను ఇంగ్లీషులో రాయమని పిల్లలకు ఇచ్చాను. ఒకమ్మాయి సింహం తన ‘షేడ్’ చూసిందని రాసింది, పక్కనున్న అబ్బాయి ‘షాడో’ అని రాశాడు, కుందేలు చెట్టు ‘షాడో’లో కూర్చుందని మాత్రం ఇద్దరూ ఒకేలా రాశారు. ఎర్ర సిరాతో దిద్దాను గానీ, “తెలుగులో అన్నీ నీడే కదా టీచర్?” అని ఆ అమ్మాయి అడిగినప్పుడు నియమమంటూ ఏదీ చెప్పలేకపోయాను. ఎక్కడ ఏ మాట వాడాలో తేల్చుకునే మార్గం ఉందా?

జవాబు 1 (అనువాదకుడు):
చిక్కు ఇంగ్లీషులో కన్నా మన ‘నీడ’లోనే ఉంది. ఎండ తగలని చోటూ నీడే, వెలుతురుకు అడ్డొచ్చిన వస్తువు ఆకారం నేల మీద నల్లగా పడితే అదీ నీడే, ప్రతిబింబమనే మాట వేరే ఉన్నా కథ చెప్పేటప్పుడు నీళ్లలో కనిపించే రూపమూ నీడే. ఇంగ్లీషులో ఇవి వరుసగా షేడ్, షాడో, రిఫ్లెక్షన్.

మొదటి రెండింటికీ నేను వాడే పరీక్ష ఒకటుంది. ‘నీడ’ అన్నచోట ‘నీడపట్టు’ అన్నా అర్థం చెడకపోతే అది షేడ్. కరివేపాకును నీడపట్టున ఆరబెడతాం గానీ, గోడ మీద నీడపట్టు పడిందని ఎవరూ అనరు.

పిల్లలకు ఇంకా బాగా పట్టుబడే ఉదాహరణ హైదరాబాదులోనే దొరుకుతుంది. అక్కడ మే 9 ప్రాంతంలో, మధ్యాహ్నం 12 దాటిన కాసేపటికి, సూర్యుడు సరిగ్గా నడినెత్తికి రావడంతో నిటారుగా పాతిన కర్రకు పక్కన షాడో కనిపించదు. దాన్నే జీరో షాడో డే అంటున్నారు. అదే క్షణాన పక్కనున్న వేపచెట్టు కింద షేడ్ మాత్రం హాయిగా ఉంటుంది. జీరో షేడ్ డే అంటే ఊళ్లో చెట్లన్నీ కొట్టేసిన రోజనుకోవాలి.

మరో తేడా: ఈ అర్థంలో షేడ్‌ను లెక్కపెట్టరు, కాబట్టి ముందు ‘ఎ’ రాదు. ‘ఎ షేడ్’ అంటే దీపం మీది తొడుగో, రంగులో ఒక ఛాయో అవుతుంది. షాడోలను ఎన్నైనా లెక్కపెట్టవచ్చు.

జవాబు 2 (భాషాచరిత్ర విద్యార్థి):
ఆ అబ్బాయికి మార్కులు పూర్తిగా కోయకండి. నీళ్లలోని రూపాన్ని షాడో అనడం పాత ఇంగ్లీషు రచనల్లో మామూలే. జోసెఫ్ జేకబ్స్ 1894లో వెలువరించిన ఈసపు కథల్లో, వాగులో తన రూపం చూసి నోట్లోని మాంసం జారవిడుచుకున్న కుక్క కథ పేరు ‘ద డాగ్ అండ్ ద షాడో’. ఇప్పుడు మాత్రం రిఫ్లెక్షన్ అనడమే వాడుక.

నిజానికి షేడ్, షాడో రెండూ ప్రాచీన ఇంగ్లీషులో ఒకే మాట. దాని ప్రథమా విభక్తి రూపం షేడ్‌గానూ, మిగతా విభక్తుల రూపం షాడోగానూ స్థిరపడ్డాయి. పచ్చికబయలును చెప్పే మీడ్, మెడో జంట కథా ఇదే.

జవాబు 3 (భూగోళం పాఠాలు చెబుతాను):
పడమటి కనుమలు నైరుతి మేఘాలను అడ్డుకోవడం వల్ల అనంతపురం వర్షచ్ఛాయా ప్రాంతంలో పడింది. ఇంగ్లీషులో అది రెయిన్ షాడో, షేడ్ కాదు. ‘నిలువ నీడ లేదు’ అన్నచోట ఈ మూడింటిలో ఏదీ పనికిరాదు, షెల్టర్ అనాలి.

ప్రశ్న అడిగిన టీచర్:
నీడపట్టు పరీక్ష తరగతిలో పెట్టాను, పిల్లలు పట్టేశారు. ఆ అబ్బాయికి అర మార్కు కలిపాను. కుందేలును మాత్రం ఇద్దరి నోటుపుస్తకాల్లోనూ షేడ్‌లోకి మార్పించాను.