యాంజియోలో బ్లాకుల్లేవు, అయినా మెట్లెక్కితే అమ్మకి ఛాతీ పట్టేస్తోంది. షుగర్‌కి సంబంధం ఉందా?

గోదారిగట్టు:
అమ్మకి 54. మూడు నెలల నుంచి మెట్లెక్కినా బిందె ఎత్తినా ఛాతీ మధ్యలో పట్టేస్తోంది, ఒక్కోసారి ఊరికే కూర్చున్నా వస్తోంది. టీఎంటీ (ట్రెడ్‌మిల్ మీద నడిపించి చేసే ఈసీజీ) పాజిటివ్ అని యాంజియో చేశారు, ఒక్క బ్లాకూ లేదు. గ్యాస్ మాత్రలు రాసి "టెన్షన్ పడకండమ్మా" అని పంపేశారు. ఇంకో డాక్టరు గారేమో గుండెలో సన్న రక్తనాళాల సమస్య కావచ్చు, ఇన్సులిన్ రెసిస్టెన్స్ (ఒంట్లో ఇన్సులిన్ సరిగా పనిచెయ్యకపోవడం) చూడాలి అన్నారు. హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్ పరీక్ష) 6.1, అంటే ఇంకా షుగర్ రానట్టే కదా, మరి గుండెకి లింకేంటి?

రాత్రిడ్యూటీ:
యాంజియోలు చేసే క్యాథ్‌ల్యాబ్‌లో టెక్నీషియన్ని, డాక్టర్ని కాదు. యాంజియోలో కనపడేవి పైనుండే పెద్ద నాళాలే, అర మిల్లీమీటరు కన్నా సన్నవి అందులో తెలియవు. మీవైపు వాళ్లకి చెప్పాలా, కాలవ నిండా నీళ్లున్నా బోదెలు పూడితే చేనెండిపోతుంది.

షుగర్ సంగతికొస్తే, ఇన్సులిన్‌కి రక్తనాళాల లోపొర మీద కూడా పనుంది. ఒక దారిలో నైట్రిక్ ఆక్సైడ్ పుట్టించి నాళాన్ని వదులు చేస్తుంది, ఇంకో దారిలో ఎండోథెలిన్ పుట్టించి బిగిస్తుంది. రెసిస్టెన్స్ వచ్చినప్పుడు మొద్దుబారేది వదులు చేసే దారే, బిగించేది మామూలుగానే నడుస్తుంది, పైగా చక్కెర దించడానికని క్లోమం ఇంకా ఎక్కువ ఇన్సులిన్ వదులుతుంటుంది. ఫాస్టింగ్ షుగర్ 126 దాటకముందే ఇదంతా మొదలైపోవచ్చు. హెచ్‌బీఏ1సీ 5.7 నుంచి 6.4 దాకా ఉంటే ప్రీడయాబెటిస్, అంటే షుగర్‌కి ముందు దశ అంటారు, కాబట్టి 6.1ని "రాలేదు" అనుకోకండి.

పాతచీటీ:
నాకూ ఇదే కథ, రెండేళ్లు గ్యాస్ మాత్రలు మింగాను. చివరికి ఇంకో ఊళ్లో గుండె నాళంలో ప్రెజర్ వైరు పెట్టి, నాళాల్ని వదులు చేసే అడెనోసిన్ మందు ఇచ్చి రక్తప్రవాహం ఎన్ని రెట్లు పెరుగుతుందో కొలిచారు. 2.5 రెట్లకి తక్కువైతే అనుమానించాలట, నాకు 1.8. మొదటి యాంజియోలోనే ఇది చూసుంటే రెండోసారి తొడ దగ్గర గుచ్చించుకునే బాధ తప్పేది! నాలుక కింద పెట్టుకునే మాత్ర నాకు పెద్దగా పనిచెయ్యలేదు, బీటా బ్లాకర్, స్టాటిన్, భోజనం తర్వాత నడకతో నయం.

చెట్టుకింద:
పేరు దగ్గరే పెద్ద గందరగోళం. ఈ ఛాతీనొప్పికి 1973లో సిండ్రోమ్ ఎక్స్ అని పేరొచ్చింది, 1988లో జెరాల్డ్ రీవెన్ అనే అమెరికా డాక్టరు ఇన్సులిన్ రెసిస్టెన్స్, బీపీ, ట్రైగ్లిజరైడ్లు కలిసొచ్చే జబ్బుకీ అదే పేరు పెట్టాడు. రెండూ ఒకటి కాదు, కాకపోతే చాలామందిలో కలిసే ఉంటాయి. బీపీ, పొగ, నెలసరి ఆగడం కూడా సన్న నాళాల్ని దెబ్బతీస్తాయి, అన్నీ షుగర్ మీదికి నెట్టకండి. ఇలాంటి నొప్పి ఉండి షుగర్ లేని 33 మంది ఆడవాళ్లకి మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్ర ఇచ్చి చూసిన 2006 ట్రయల్లో నాళాల పనితీరు మెరుగైంది, కానీ అది మరీ చిన్నది. దాన్ని చూసి మీరే కొని వేసేయకండి.

గోదారిగట్టు:
అందరికీ థాంక్సండి. ఫాస్టింగ్ షుగర్ 108, ఇన్సులిన్ 18 వచ్చింది. ఇన్సులిన్ రెసిస్టెన్స్ లెక్క (హోమా-ఐఆర్) కోసం రెండూ గుణించి 405తో భాగిస్తే 4.8, ఎక్కువేనా? నడుము కొలిస్తే 91 సెంటీమీటర్లు, అమ్మ మాత్రం టేపు తప్పంటోంది.

రాత్రిడ్యూటీ:
ఎక్కువే. నడుము మన ఆడవాళ్లకి 80 లోపుండాలి, టేపు తప్పేం లేదు. ఆ కాగితాలు రెండో డాక్టరు గారికే చూపించండి. ఈలోపు కూర్చున్నప్పుడు వచ్చిన నొప్పి తగ్గకపోయినా, చెమటలు పట్టినా 108కి ఫోన్ చెయ్యండి, గ్యాస్ మాత్ర కోసం వెతుక్కోవద్దు.