ఆప్షన్, ఛాయిస్ ఒకటేనా?

మాది నంద్యాల, ఇప్పుడు బెంగళూరు మారతహళ్లిలో పీజీలో ఉంటున్నా. నిన్న మెయిల్‌లో 'మనకు మూడు ఛాయిస్‌లు' అని ఇంగ్లిషులో రాస్తే మా లీడ్ 'ఆప్షన్లు' అని దిద్దారు. తేడా ఏంటండీ? నాకు తెలిసిన ఛాయిస్ పరీక్షల్లో రాని ప్రశ్న వదిలేయడమే!

— కౌన్సెలింగ్‌లో వెబ్ ఆప్షన్లు పెట్టావు కదా తమ్ముడూ? ముందున్న కాలేజీలన్నీ ఆప్షన్లు. వాటిలో ఒకటి ఎంచుకోవడం ఛాయిస్. అయితే ఎంచుకునే వాటినీ ఛాయిస్‌లు అంటారు, కాబట్టి నువ్వు రాసింది తప్పేం కాదు. మీ లీడ్‌కి ఆ మాట ఇష్టం, అంతే.

— షేర్లలో ఆప్షన్ అర్థం ఇంకా బిగువు. ముందే అనుకున్న ధరకు షేరు కొనడానికో అమ్మడానికో ఆప్షన్ కొన్నవాడికి హక్కే, బాధ్యత లేదు. అందుకే ప్రీమియం, అంటే ఆ హక్కుకి ధర, కడతాడు. అతను ఆ హక్కు వాడుకుంటే ఆప్షన్ అమ్మినవాడికి మాత్రం తప్పించుకునే దారి లేదు. నేను అమ్మి చూశాను, వద్దులే.

— 'హాబ్సన్స్ ఛాయిస్' కూడా ఉంది. 1631లో చనిపోయిన హాబ్సన్ కేంబ్రిడ్జ్‌లో గుర్రాలు అద్దెకిచ్చేవాడు. తలుపు పక్కనున్న గుర్రమే తీసుకోవాలి, లేకపోతే లేదు.

— ఓహో, మా పీజీలో సోమవారం ఉప్మా అన్నమాట! థాంక్స్ అన్నా.