సైటులో ఉన్న బండను కొట్టించాలా, ఇంట్లో ఉంచుకోవాలా?

రాయచోటి శ్రీను: బెంగళూరులో కనకపుర రోడ్డు పక్కన 40×60 అడుగుల సైటు కొన్నాం. వెనక ఏనుగంత బండ ఉంది. దాన్ని హాల్లో కలుపుకొని ఇల్లు కడదామని ఆర్కిటెక్టు అంటున్నారు. బ్రేకర్ పెడితే రెండు రోజుల పనేనని మేస్త్రీ అంటున్నాడు. ఏం చేయమంటారు?

పద్మజ, జేపీ నగర్: ఉంచండి. బన్నేరుఘట్ట రోడ్డులో ఆర్కిటెక్టు బి.వి. దోషిగారు కట్టిన ఐఐఎం (మేనేజ్‌మెంట్ కాలేజీ) చూశారా? బూడిదరంగు గ్రానైటు గోడలు, పందిళ్ళలాంటి కప్పుల కింద పొడుగాటి వరండాలు. నడుస్తుంటే కట్టడం ఎక్కడ అయిపోయిందో, తోట ఎక్కడ మొదలైందో తెలియదు. లాల్‌బాగ్ గుట్ట వయసు సుమారు 300 కోట్ల ఏళ్ళు. అలాంటి రాయిని రెండు రోజుల్లో పిండి చేస్తారా?

సుబ్బారావు: ఐఐఎంకి 100 ఎకరాలమ్మా, ఇది 40×60. మాకూ ఒకాయన ఇలాగే గోడ నిండా తీగలు, మిద్దె మీద గడ్డి పెట్టించారు. రెండో వానాకాలానికి మా అమ్మ గదిలో నల్లబూజు. గోడకి చెయ్యానిస్తే తడి. ఆమెకి ఆయాసం పట్టుకుంది.

మధు: వాస్తు ప్రకారం బండ నైరుతిలో ఉంటే మంచిదే. ఏ మూల?

పద్మజ: సుబ్బారావుగారూ, ఆయన అడిగింది బండ గురించి. మిద్దె గురించి కాదు.

సుబ్బారావు: నేను చెప్పేది నీళ్ళ గురించి. అమెరికాలో జలపాతం మీద ఆర్కిటెక్టు ఫ్రాంక్ లాయిడ్ రైట్ కట్టిన ఫాలింగ్‌వాటర్ ఇంటి వసారాలు వంగిపోతే, 2002లో ఉక్కు తీగలు బిగించి నిలబెట్టారు.

పద్మజ: అవి వంగింది కమ్మి చాలక! జలపాతం ఏం చేసింది?

సుబ్బారావు: మీకు అందం కావాలి. ఆస్పత్రి బిల్లులు కట్టింది నేను.

పద్మజ: అందం కోసం కాదండీ! మా అపార్టుమెంటుకి ఎగువన గుట్టని లేఅవుటు కోసం చదును చేశారు. 2022 సెప్టెంబరు వానలకి ఆ నీళ్ళు రాజకాలువ (వాననీటి పెద్ద కాలువ) దాకా పోలేక మా సెల్లారులోకి దిగాయి. నాన్నగారి పుస్తకాలన్నీ అక్కడే ఉన్నాయి. వారం ఎండబెట్టినా పేజీలు విడిపడలేదు. బండ కొడితే నీటిదారి మారుతుంది, పల్లంలో వాళ్ళు మునుగుతారు.

సుబ్బారావు: ఈ మాట మొదటే చెప్పాల్సింది. మీరు పల్లంలో వాళ్ళని చూస్తున్నారు, నేను ఇంట్లో పడుకునేవాళ్ళని. ఇల్లు కట్టేవాడు ముందు ఇంట్లో వాళ్ళనే చూడాలి. ఆ మాట మీదే ఉంటాను.

పద్మజ: నేను ఒప్పుకోను.

రాయచోటి శ్రీను: నిన్న వానలో గొడుగేసుకుని వెళ్ళి చూశాం. బండ మీది నీళ్ళు పక్క సైటులోకి జారుతున్నాయి. బండ జోలికి పోకుండా, గోడని మూడడుగులు ఇవతలకి జరిపి, మధ్యలో కాలువ తీద్దామనుకుంటున్నాం.

పద్మజ: ఆ కాలువ ఎక్కడికి పోతుంది? పక్క సైటు వాళ్ళని అడిగారా?

రాయచోటి శ్రీను: అక్కడ ఇంకా ఎవరూ కట్టలేదండీ.